పీఎఫ్ తీయనివ్వని ప్రభుదాసు గారు

నూజివీడు నుంచి హనుమాన్ జంక్షన్ వెళ్ళే బస్సులో కూర్చుంటే, మే నెలలో ఒకచోట ఉడికిన మామిడి గుజ్జు వాసన కిటికీలోంచి కొడుతుంది. పక్కవాళ్ళు "అబ్బ, ఎంత బావుందో" అంటారు. నాకు బావుండదు. ఏళ్ళ తరబడి ఆ వాసనలో పనిచేసినదాన్ని. చీరకీ జుట్టుకీ పట్టేసి, తినే అన్నం కూడా అదే వాసనొచ్చేది. కానీ దాంతోపాటే మా టైం ఆఫీసు ప్రభుదాసు గారు గుర్తొస్తారు. అందుకని ముక్కు మూసుకోను.

గుజ్జు ఫ్యాక్టరీలో మా హాజరు వేసేదీ, జీతాల లెక్క చూసేదీ, ప్రావిడెంట్ ఫండు కాగితాలు పంపేదీ ఆయనే. బాపులపాడు నుంచి మోపెడ్ మీద వచ్చేవారు. ఆదివారం చర్చికి వేసుకున్న తెల్లచొక్కానే సోమవారం పనికీ వేసుకొచ్చి, మధ్యాహ్నానికల్లా దాని నిండా రసం మరకలు చేసుకునేవారు. ఆయన మాట మెత్తన కాదు. నాదీ కాదు. అందుకే మా ఇద్దరికీ కుదిరింది.

మా ఆడవాళ్ళకి ఒక అలవాటుండేది. రెండు మూడేళ్ళు పనిచేయడం, సీజను అయ్యాక మానేసి రెండు నెలలు ఇంట్లో కూర్చోవడం, పీఎఫ్ మొత్తం తీసేసుకుని చెవులకో మెడకో ఏదో చేయించుకోవడం, మళ్ళీ వచ్చి కొత్తగా చేరడం. అదే తెలివనుకునేవాళ్ళం. నాకు నగలక్కర్లేదు, గది కావాలి. మా ఆయన పోయాక తమ్ముడి ఇంటి వెనక వసారాలో ఉండేదాన్ని. వానొస్తే పైన రేకులు కారేవి. వాన లేని రోజున మా మరదలి మాటలు పడేవి. నాలుగేళ్ళు నిండగానే వెళ్ళి నా పీఎఫ్ తీసిపెట్టమని అడిగాను.

"ఇప్పుడెందుకమ్మా నాగమణీ? టెంక కట్టకుండానే కాయ కోసేస్తావా?" అన్నారు.

"నా చెట్టు, నా కాయ. మధ్యలో మీదేం పోయిందండీ?"

"నాదేం పోదు, నీదే పోతుంది. అయిదేళ్ళు నిండకుండా తీస్తే దానిమీద పన్ను పడుద్ది. నీకు పాన్ కార్డు కూడా లేదు, ఇంకా ఎక్కువ కోస్తారు. అదట్టా ఉంచు. పదేళ్ళు కదపకుండా ఉంటే యాభై ఎనిమిదో ఏటి నుంచి నెలనెలా పెన్షనొస్తుంది. ఇప్పుడు మొత్తం తీసేస్తే ఈ నాలుగేళ్ళూ తుడిచేసినట్టే. మళ్ళీ ఒకటి నుంచి లెక్క."

"అప్పటిదాకా బతికుంటానని రాసిస్తారా?"

"బతికుంటే ఏం తింటావో అది చెప్పు ముందు."

ఒళ్ళు మండిపోయింది. నా డబ్బు నాకిప్పించడానికి ఏడుస్తున్నాడని లైన్లో కాయలు కడిగేవాళ్ళందరికీ వినబడేలా అరిచాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు. నేను అలిసిపోయాక, "నీ డబ్బు ఆపడానికి నేనెవర్నమ్మా? ఫారం ఇంగ్లీషులో ఉంది, దాన్ని తెలుగులో రాసిస్తాను. నువ్వే చదువుకుని, అర్థం చేసుకుని, నీ చేత్తో సంతకం పెట్టు. ఆ రోజే పంపిస్తా. వేలిముద్ర మాత్రం తీసుకోను" అన్నారు. అలా అనే హక్కు ఆయనకి లేదు. ఆ సంగతి అప్పట్లో నాకు తెలీదు, ఆయనకి తెలుసు.

అలా మొదలైంది నా చదువు, నలభై దాటిన వయసులో. అన్నాలు తినే టైములో ఖాళీ డ్రమ్ము మూత మీద సుద్దముక్కతో రాసి చూపించేవారు. నేను దిద్దేదాన్ని, మిగతావాళ్ళు నవ్వేవాళ్ళు. ముసలాయన కావాలనే నిదానంగా నేర్పారని నా అనుమానం. ఇప్పుడెవరూ రాయని అక్షరాలు కూడా నేర్పారు. "ఇది ఫారంలో ఎక్కడుందండీ?" అంటే, "ఉంటుందిలే, ముందు దిద్దు" అనేవారు. ఆ ఏడు వానలకి వసారాలో నా మంచం తడిసిపోయిందని తెలిసి, మోపెడ్ వెనక బరకం కట్టుకుని మా ఇంటికే వచ్చారు. తమ్ముడి చేత నిచ్చెన వేయించి, తానే ఎక్కి రేకుల మీద పరిచారు. దిగాక మా మరదలితో, "మీ వదిన ఇంకా కొన్నాళ్ళు ఇక్కడే ఉంటుందమ్మా, కాస్త ఓర్చుకో" అన్నారు. మా మరదలు ఆయనకి మజ్జిగ కూడా ఇవ్వలేదు.

నాకు కాగితం చదవడం వచ్చేసరికి అయిదేళ్ళూ నిండిపోయాయి. వేలు పెట్టుకుని చివరిదాకా చదివాను. సంతకం పెట్టకుండా మడిచి వెనక్కిచ్చాను.

"ఏం? పన్ను గొడవ తీరిపోయిందిగా, పెట్టు" అన్నారు.

"పదేళ్ళ సంగతి చూద్దామనుకుంటున్నానండి. మీరు చెప్పారని కాదు, నేను చదువుకున్నాను కాబట్టి."

ఆయన పైకి నవ్వలేదు. ఆ రోజు మాత్రం తన క్యారేజీలో చేపముక్క నా కంచంలో వేశారు.

యాభై ఎనిమిది నిండాక నాకు మొదటి పెన్షను పడింది. పెద్ద మొత్తమేం కాదు. గ్యాసు బండకీ కరెంటుకీ మందులకీ సరిపోతుంది. దాని కోసం ఎవరి మొహమూ చూడక్కర్లేదు, నాకు కావలసిందీ అదే. ప్రభుదాసు గారు అప్పటికి పని మానేశారు. ఆయన్ని జంక్షన్‌కి రమ్మని, హోటల్లో పెసరట్టు పెట్టించాను. మాటల్లో, "మీకెంతొస్తుందండీ పెన్షను?" అని అడిగాను.

"నాకేం రాదు."

నేను తినడం ఆపేశాను. ఆయన ఆపలేదు. "మూడు ఫ్యాక్టరీలు మారాను. మారినప్పుడల్లా తీసేశాను. ఒకసారి మా ఆవిడ ఆపరేషనుకి. ఒకసారి మోపెడ్‌కి. ఇంకోసారి దేనికో గుర్తు కూడా లేదు. నాకెవరూ అడ్డం పడలేదు నాగమణీ" అన్నారు. బిల్లొస్తే జేబులో చెయ్యి పెట్టబోయారు. "కూర్చోండి" అన్నాను. కూర్చున్నారు.

ఆయన పోయి కొన్నేళ్ళయింది. నా పీఎఫ్‌లో కొంత పెట్టి గది వేసుకున్నాను. మిగిలింది అరవై నిండాక పోస్టాఫీసులో పెద్దవాళ్ళ పథకంలో వేశాను. ఏటేటా ఏప్రిల్లో 15హెచ్ ఫారం ఇస్తాను. పన్ను కట్టేంత రాబడి నాకు లేదు, నా వడ్డీలో కోయొద్దని చెప్పే కాగితం అది. మొత్తం చదివే సంతకం పెడతాను. కౌంటర్లో అబ్బాయి, "పోయినేడాదిదే కదండీ" అని విసుక్కుంటాడు. విసుక్కోనీ.

ఇప్పుడూ ఆ ఫ్యాక్టరీ పిల్లలు సీజను అయ్యాక పీఎఫ్ తీసేద్దామని బస్టాపులో మాట్లాడుకుంటారు. నేను ఊరుకోను, మధ్యలో దూరతాను. "నీకెందుకు పిన్నీ మా గొడవ?" అంటారు. వాళ్ళ డబ్బు ఆపే హక్కు నాకు లేదు. ప్రభుదాసు గారిలా ఆ హక్కు ఉన్నట్టు నటించడమూ నాకు రాదు. "ఫోన్లో ఆ ఫారం తియ్యి. కలిసి చదువుదాం, తర్వాత నీ ఇష్టం" అంటాను. ఒక్కోసారి బస్సు వెళ్ళిపోతుంది. ఇంకోటి వస్తుందిలే అని చదువుతూనే ఉంటాం.