థాజ్ దారిలో తప్పిన నెల లెక్క

థాజ్ శిథిలాలు చూడాలన్న పిచ్చి నాకు ఒక చరిత్ర పుస్తకం అంటించింది. అలెగ్జాండర్ తర్వాత వచ్చిన సెల్యూసిడ్ సామ్రాజ్యం బలహీనపడగానే, గల్ఫ్ ఎగువ తీరాన్ని ఏలమని పంపిన గవర్నరు తనే రాజునని ప్రకటించుకుని సొంత నాణేలు వేసుకున్నాడట. ఆ కాలంలో వర్తకంతో కళకళలాడిన ఈ థాజ్, సౌదీలో నేనుండే జుబైల్‌కి గంటన్నర దూరంలో ఉంటే, ఇక్కడి ఇంజినీర్నై ఉండి చూడకుండా ఎలా ఉంటాను?

2006 చలికాలంలో ఒక శుక్రవారం, నూటయాభై రియాళ్లకు జగిత్యాల మల్లన్న పికప్ మాట్లాడుకున్నాను. బండి అతని కఫీల్, అంటే అతనికి పూచీ ఉన్న సౌదీ యజమాని, అబూ ఫహద్‌ది. ఊరు దాటాలంటే కఫీల్ రాసిచ్చిన లెటర్ చేతిలో ఉండాలి. మల్లన్న లెటర్‌కి గడువు అరబ్బీ నెలాఖరు.

"ఐపోయిందేమో సార్, కొత్తది రాయించుకుందమా?" అన్నాడు మల్లన్న.

"ఇవాళ ముప్ఫయ్యో రోజు. ఇవాళంతా చెల్లుతుంది, పద!" అన్నాను. పెద్ద లెక్కలవాణ్ణి కదా!

ఆరింటికి బయల్దేరాం. ఏడింటికి చెక్‌పోస్ట్. ఆ నెలకు ఇరవైతొమ్మిది రోజులేనట, నిన్న సాయంత్రం నెలవంక కనబడగానే అయిపోయిందట. పోలీసు మల్లన్న ఇకామా, అదే నివాస కార్డు, తీసుకుని పక్కన కూర్చోబెట్టాడు.

"బుధవారం ఫ్లైట్ ఉన్నది సార్. బిడ్డ పుట్టి రెండేండ్లాయె, ఇంకా కండ్ల జూడలే. కేసు రాస్తే పోనిస్తరా?" అన్నాడు మల్లన్న. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. తప్పంతా నాదేనని వచ్చీరాని అరబ్బీలో మొత్తుకున్నాను. పోలీసు ఓపిగ్గా విని, కఫీల్‌ని పిలవమన్నాడు.

సెలవు రోజు నిద్ర మానుకుని గంటలో వచ్చాడు అబూ ఫహద్, ఫ్లాస్కులో అరబ్బీ కాఫీ గహ్వా, ఖర్జూరాలతో సహా. బానెట్ మీదే కొత్త లెటర్ రాసి ముద్ర వేశాడు. నన్ను చూపిస్తూ ఏదో అడిగితే, మల్లన్న నసుగుతూ తెలుగులో చెప్పాడు: "'ఇన్నేండ్లసంది ఈడ ఉంటుండు, మా నెల ఎప్పుడు వోతదో ఎరుకలేదా?' అంటుండు సార్." పోలీసుతో సహా అందరం నవ్వాం. అందరికీ గహ్వా పోసి, మమ్మల్ని చూసి రమ్మని పంపాడు ఆ పెద్దాయన.

థాజ్‌లో కంచె బయటి నుంచే చూశాం. ఇసుకలో కూరుకుపోయిన రాతి గోడ, పగిలిన కుండపెంకులు.

"గీ రాళ్ల కోసమా సార్, నా పానం తీసిన్రు!" అన్నాడు మల్లన్న.

పుస్తకంలోని ఆ గవర్నరు చక్రవర్తినైతే వదిలించుకున్నాడు కానీ, తన నాణేల మీద సంవత్సరాన్ని మాత్రం పాత సామ్రాజ్యం లెక్కలోనే వేయించాడు. సంతలో అందరికీ తెలిసిన లెక్క అదే మరి. నేనో, తొమ్మిదేళ్లు ఈ దేశం ఉప్పు తిని కూడా దీని నెల లెక్క నేర్చుకోలేదు. నా పొగరుకి మల్లన్న బలి కాకుండా కాపాడిన అబూ ఫహద్‌కి జన్మంతా రుణపడి ఉంటాను. మీరు వెళ్లేటట్టయితే, ముందురోజే మీ లెటర్‌తో పాటు డ్రైవర్ లెటర్ గడువు కూడా ఇక్కడి అరబ్బీ నెలల హిజ్రీ క్యాలెండర్‌లో చూసుకోండి.

మరుసటి శుక్రవారం జగిత్యాల నుంచి ఫోన్ వచ్చింది. "నన్ను జూసి ఎవలో అనుకొని ఏడ్సింది సార్. ఇప్పుడైతే సంక దిగుతలేదు!"