సగం ఫీజుకు నేర్చుకున్న మెదడు లెక్కలు

2023 మిర్చి సీజన్‌లో, ఖమ్మంలో, నేనొక బేరం గెలిచాను. అలాంటి బేరం మా నాన్న కూడా ఎన్నడూ గెలవలేదు. మెదడు స్కాన్లలో వచ్చే అంకెలను ఏ గణాంక పద్ధతులతో చదవాలో హైదరాబాద్ నుంచి ఒక మేడమ్ ఆన్‌లైన్‌లో నేర్పేవారు. ఫీజు తగ్గించమని ఫోన్లో వెంటపడ్డాను. ఆమె పైసా తగ్గలేదు. చివరికి, సగం కోర్సే చెప్పండి, సగం ఫీజే తీసుకోండి అన్నాను. విసిగి ఒప్పుకున్నారు. మొదటి సగం, లేనిది ఉన్నట్టు కనిపిస్తే ఏం చేయాలో చెప్తుంది. రెండో సగం, ఉన్నది కనిపించకపోతే ఏం చేయాలో. కనిపించని సరుకుకు డబ్బెందుకని రెండోది వదిలేశాను. ఇంత తెలివి ఎవరికుంటుందని ఆ సాయంత్రం నాకు నేనే మిఠాయి కొనిపెట్టుకున్నాను.

నేను ఎంఆర్ఐ టెక్నీషియన్‌ని. నాన్నది మార్కెట్ యార్డు దగ్గర మిర్చి కమీషన్ దుకాణం. బస్తా పైన ఎర్రటి కాయ పేర్చి అడుగున తెల్లబారిన తాలు కాయ నింపే చేతులను చూస్తూ పెరిగాను. అందుకే కోర్సు మొదటి సగం నాకు పుట్టింటి మాటలా అనిపించింది.

మామూలు ఎంఆర్ఐ మెదడు ఆకారాన్ని చూపిస్తుంది. ఫంక్షనల్ ఎంఆర్ఐ పనిచేస్తున్న మెదడును చూపిస్తుంది. ఏ చోటు పనిలో ఉంటే అక్కడికి రక్తం కాస్త ఎక్కువ చేరి, సిగ్నల్ రవ్వంత పెరుగుతుంది. కంప్యూటర్ మెదడు బొమ్మను లక్షకు పైగా చిన్న చిన్న ఘనాలుగా కోస్తుంది. ఒక్కో ఘనాన్ని వోక్సెల్ అంటాం. ప్రతి వోక్సెల్ దగ్గరా ఒకటే ప్రశ్న: ఈ పెరుగుదల నిజమా, గాలివాటమా? ఇన్ని చోట్ల అడిగితే గాలివాటం కూడా చాలా చోట్ల నిజంలా మెరుస్తుంది. అందుకని థ్రెషోల్డ్, అంటే ఇది దాటితేనే నమ్ముతాం అనే గీత, బాగా పైన పెట్టాలి. నేను మేడమ్ చెప్పినదానికంటే ఇంకో మెట్టు పైనే పెట్టేదాన్ని. నన్ను మోసం చేయడం వోక్సెళ్ల తరం కాదని నా ధీమా.

అప్పుడు వచ్చింది సమ్మక్క. పర్ణశాల అవతల అడవి పల్లె. ప్రతి వారం సంతలో చింతపండు, విప్పపువ్వు అమ్ముతుంది. కొంతకాలంగా ఫిట్స్. మెదడులో ఎడమ వైపు, ముందు భాగంలో చిన్న గడ్డ. చాలామందికి మాట ఉండే చోటు కూడా ఆ చుట్టుపక్కలే. శనివారాల్లో హైదరాబాద్ నుంచి వచ్చే సర్జన్ గారు, గడ్డ తీసేముందు ఆమె మాట ఎక్కడుందో మ్యాప్ చేసి ఇమ్మన్నారు.

మెషీన్ బల్ల మీద పడుకోబోతూ అడిగింది: "ఫిట్సు పోతయా చెల్లె?"

"పోగొట్టనీకే చూస్తున్నరక్కా."

"మాట గిట్ల పోతదా?"

"అది పోవద్దనే ఈ స్కాన్."

"జర మంచిగ చూడు మరి. సంతల నాకు తరాజు తర్వాత నోరే. నోరు పడిపోతే నా సరుకు ఊకెనే ఎత్తుకపోతరు."

హెడ్‌ఫోన్లో తెలుగు గొంతు ఒకటి కూరగాయలనో, జంతువులనో అడుగుతుంది. వాటి పేర్లు నోరు కదపకుండా మనసులో చెప్పుకోవాలి. మధ్యలో సమ్మక్కకు దగ్గు వచ్చింది, తల కాస్త కదిలింది. సిగ్నల్ మొత్తంగా పలచగానే వచ్చింది. నా గీత మాత్రం ఎప్పుడూ ఉండే చోటే ఉంది. మ్యాప్ ముత్యంలా వచ్చింది: గడ్డకు దూరంగా, వెనక వైపు ఒకే ఒక్క మెరుపు. గడ్డ అంచున ఏమీ లేదు.

శనివారం సర్జన్ గారికి చూపించాను. ఆయన స్క్రీన్ మీద గడ్డ అంచు వెంబడి వేలు నడిపించి, అయితే పూర్తి మత్తులోనే చేసేయొచ్చు, ఇక్కడిదాకా తీసేయొచ్చు అన్నారు. వేలు అక్కడే ఆపి నా వైపు తిరిగారు.

"ఇక్కడ లేదంటున్నవా, కనపడలేదంటున్నవా? రెండిట్ల ఏదమ్మా?"

చూసి చెప్తానని, పై శనివారం దాకా గడువు అడిగాను. నా జీవితంలో తగ్గింపు కాకుండా గడువు అడిగిన బేరం అదొక్కటే.

మేడమ్‌కు ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. అంతా విని, "అది రెండో సగంలో ఉంది" అన్నారు. గొంతులో కోపం లేదు. అదే గుచ్చుకుంది. ఆ సగానికీ ఫీజు కడతానన్నాను. ఎంత తగ్గిస్తారని అలవాటుగా అనబోయి నాలుక కరుచుకున్నాను.

ఆ రాబోయే పాఠాలన్నిటికీ తలుపు తీసిన ప్రశ్న ఒకటి ఆమె ఫోన్లోనే వేశారు. గీత పైన పెడితే నువ్వు మోసపోవు, సరే. గీత కింద పడిపోయినదాని నష్టం ఎవరిది?

యార్డులో ఆ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. మంచి బస్తాను అనుమానించి వదిలేస్తే నాన్నకు పోయేదేమీ లేదు, పక్క దుకాణం వాళ్లు కొంటారు. సమ్మక్క మాటకు పక్క దుకాణం లేదు.

మరి గీత ఎక్కడ పెట్టాలి? జవాబు నేను చిన్నప్పటి నుంచి వింటున్నదే. యార్డులో పొద్దున జెండా పాట అవుతుంది. ఆ రోజు వచ్చిన సరుకులో మేలైనదానికి వేలం పాడి ధర కడతారు. మిగతా బస్తాలన్నీ ఆ ధరను చూసుకునే కిందికి తూగుతాయి. నిన్నటి జెండా ఇవాళ చెల్లదు, వేరే ఊరి జెండా ఇక్కడ చెల్లదు. నేను చేసిందేమిటి? సిగ్నల్ పలచగా ఉన్న రోజున సమ్మక్కను అందరి జెండాతో తూచాను. ఆమె మెదడులో ఆ రోజు అన్నిటికంటే బాగా మెరిసిన చోటునే జెండా అనుకుని చూస్తే, గడ్డ అంచున ఒక చుక్క దానికి సగం పైనే ఉంది. ఇలా ఎవరి మెదడును వారి మెరుపుతోనే కొలిచే పద్ధతి రెండో సగంలో నిజంగానే ఉందని మేడమ్ చెప్పారు.

అయితే కావలసింది కనపడేదాకా గీత దించుతూ పోవడం కూడా తాలు అమ్మడమే. అందుకని నియమం ముందే పెట్టుకుని సర్జన్ గారికి చెప్పాను: మళ్లీ స్కాన్ చేస్తాను, జెండాకు సగమే గీత, ఏం వచ్చినా దాన్ని కదపను. అదే చోట చుక్క మళ్లీ వస్తే నమ్ముదాం.

సమ్మక్కను పిలిపించి, పోయినసారి ఎక్కడ కష్టమైందని అడిగాను.

"తెలుగుల అడిగితివి. సంతల బేరం తెలుగే. మనసుల మాట్లాడమంటే మా కోయ భాషల రాదా చెల్లె?"

ఖమ్మంలో కూర్చుని హెడ్‌ఫోన్ గొంతు ఎంచిన మాకెవరికీ అది తోచలేదు. ఈసారి ఆమె చెల్లెలి గొంతుతో కోయ భాషలో ప్రశ్నలు రికార్డు చేశాం. తెలుగువీ ఉంచాం, కూరగాయల బదులు సంత బేరాలు పెట్టి. దగ్గు తగ్గేదాకా ఆగి స్కాన్ చేశాం. రెండు భాషల్లోనూ గడ్డ అంచున, అదే చోట, చుక్క గీత దాటింది.

సర్జన్ గారు ప్లాన్ మార్చారు. సమ్మక్కను మెలకువగా ఉంచి, బొమ్మల పేర్లు చెప్పిస్తూ ఆపరేషన్ చేశారు. ఆ చోట సన్నటి కరెంటు తాకించగానే మాట ఆగిపోయిందట. తీయగానే మళ్లీ వచ్చిందట. ఆ ముక్క వదిలేసి మిగతాది తీశానని ఆయనే ఫోన్ చేసి చెప్పారు.

ఇక బిల్లు. గడ్డలో ముక్క మిగిలింది, దానికోసం స్కాన్లు జరుగుతూనే ఉండాలి. ఫిట్స్ తగ్గాయి కానీ పూర్తిగా పోలేదు. గోలీలు మానేది లేదు. గీత దించినప్పుడల్లా ఇలా మేలు జరగదు. లేని మాటకు భయపడి గడ్డను వదిలేసే ప్రమాదం అటువైపు ఉంది, ఆ తర్వాతి కేసుల్లో దానికీ భయపడ్డాను. నేను నేర్చుకున్నది ఒకటే: గీత గీసేముందు, అటు తప్పితే ఎవరు కడతారు, ఇటు తప్పితే ఎవరు కడతారు అని అడగాలి.

ఈ మధ్య భద్రాచలం వెళ్లి వస్తూ సంతలో ఆగాను. సమ్మక్క నన్ను గుర్తుపట్టింది, ధర మాత్రం తగ్గించలేదు. కిందటి సంత రేటు తీశాను. చింతపండులో పిక్కలున్నాయన్నాను. ప్రతిదానికీ ఆమె దగ్గర జవాబు ఉంది. ఒక్కచోట మాత్రం ఏదో మాట కోసం ఆగింది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. బేరం తెలిసిన ఎవరైనా అంకె తగ్గించి చెప్పేది సరిగ్గా అక్కడే. నేను ఆగాను. మాట దొరికింది. ఆమె అడిగిన ధరే ఇచ్చాను.