జింకలకు వదిలిన మల్బరీ

మొన్న కర్నూలులో బస్సు కోసం నిలబడి ఉంటే, పక్కన తోపుడుబండి మీద చిన్న డబ్బాల్లో మల్బరీ పండ్లు అమ్ముతున్నారు. రుచి చూడమని బండివాడు ఒకటి చేతిలో పెట్టాడు. వేళ్ళకు ఊదారంగు అంటుకుంది. నోట్లో తీపి కరగకముందే కాశీం మామ గుర్తొచ్చారు. రెండోది తినలేకపోయాను.

మా గట్టుకు అవతలి పొలం ఆయనది. పట్టుపురుగుల పెంపకం నాకు నేర్పింది ఆయనే. షెడ్డులో అడుగు పెట్టేముందు నా చేతులు వాసన చూసేవారు. బీడీ వాసన తగిలిందా, "పో అప్పా, కడుక్కోని రా. నీ బీడీకి ఆ పురుగులు యాల సావల్ల?" అని బయటికి తరిమేవారు. నాకు ఒళ్ళు మండేది. పురుగులకు ఇంత మర్యాద ఏమిటని గొణుక్కునేవాణ్ణి.

మోకాళ్ళు సహకరించక ఆయన పురుగులు మానేసినప్పుడు, వాటి మేతకు పెంచిన మల్బరీ పెరికేసి శనగ వేసుకోమని అందరూ చెప్పారు. ఆయన కంచె తీసేసి తోటను జింకలకు వదిలేశారు. మా వైపు జింకంటే రైతుకు పగ. మంద దిగితే మొలక మిగలదు. వాటి మీదికి కుక్కలను ఉసిగొలిపేవాళ్ళూ ఉన్నారు.

"దానికీ కడుపుండాది గదప్పా. ఈడ నిండితే మీ శనగలోకి యాల వస్తాది?" అన్నారు. మా పొలాల్లోకి రావడం పూర్తిగా మానలేదు గానీ, చాలా తగ్గాయి. వాటి నోటికి అందేలా కొమ్మలు మోకాటి ఎత్తున కత్తిరిస్తూ ఉండేవారు. పొద్దున్నే ఆయన గట్టు మీద కూర్చుంటే, పదడుగుల దూరంలో బెదరకుండా మేసేవి.

ఒక ఏడు ఆయాసం ఎక్కువై ఆసుపత్రిలో చేరుతూ, "చెట్లు సూస్కో అప్పా" అని నాకు అప్పగించారు. మూడో రోజు చూస్తే పిండినల్లి పురుగు పట్టి చివుళ్ళు ముడుచుకుపోయాయి. ఆయన వచ్చేసరికి తోట కళకళలాడాలని, పత్తికి తెచ్చిన మందు కొట్టేశాను. తప్పని తోచలేదు. పట్టు రైతులం మందు కొడితే, దాని విషం పోయేదాకా ఆకు కోయం. అదే అలవాటులో ఉన్నాను. ఈ తోటలో ఆకు కోసేది నేను కాదన్న సంగతి తట్టనే లేదు.

మర్నాడు ఉదయం చాళ్ళ మధ్య ఒక ఆడజింక పడి ఉంది. నోట నురగ. కడుపుతో ఉంది.

కబురు అందగానే మామ ఆసుపత్రి నుంచి వచ్చేశారు. తిట్టలేదు. తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి. "మందు కొడితే ఆకు కోయగూడదని నీకు తెలుసు. దానికెవరు చెప్పిరప్పా?" అన్నారు. కొడవలి తీసుకుని, రొప్పుతూనే చెట్లు నరకబోయారు. కొడవలి లాక్కుని సాయంత్రానికల్లా చాళ్ళన్నీ నేనే మొదళ్ళ దాకా నరికి, ఆకంతా గుంటలో పూడ్చాను.

"కొత్త చిగురు వచ్చేదాకా జింకల్ని తోలు. ఒక్కటి గూడా ఈ పక్కకు రాగూడదు" అన్నారు.

నెల రోజులు డబ్బా వాయిస్తూ, రాళ్ళు రువ్వుతూ తరిమాను. చిగురు వచ్చింది. అది చూడకుండానే ఆయన పోయారు.

ఆ చెట్లు ఇప్పటికీ నేనే చూస్తున్నాను. మందు చుక్క పడనివ్వను. జింకలు మళ్ళీ వస్తున్నాయి. కానీ నా తల కనబడితే చాలు, మేత వదిలి పారిపోతాయి. ఆ భయం వాటికి నేర్పింది నేనే. ఇప్పుడు పిల్లలకు తల్లులు నేర్పుతున్నట్టున్నాయి. అందుకే పొద్దునపూట అటు వెళ్ళను. ఎండెక్కాక వెళ్ళి, కొరికిన కొమ్మలు చూసుకుని వస్తాను.