గంధం మొక్క పక్కన కంది

మా ఇల్లు నరసరావుపేటలో, ఊరి చివర కొత్తగా వేసిన ప్లాట్లలో ఉంది. ఇల్లు కట్టినప్పుడు వానాకాలం బురద గోల ఉండకూడదని చుట్టూ నాపరాళ్ళు పరిపించాం. తెలివైన పని చేశామనుకున్నాం, మొదటి ఎండాకాలం వచ్చేదాకా. ఎండ ఆ రాళ్ళ మీద పడి సెగలాగా మళ్ళీ పైకి లేచేది. కుండీల్లో పెట్టిన గులాబీలు ముందు కింది ఆకుల దగ్గర మాడడం మొదలుపెట్టి పైకి ఎండుకుంటూ పోయాయి. రంగురంగుల క్రోటన్లు ఆకులన్నీ రాల్చుకుని పుల్లలై నిలబడ్డాయి. బోరు నీళ్ళు పోసీ పోసీ కుండీల అంచుల మీద సున్నం పూసినట్టు తెల్లటి పొర కట్టింది. నేను హైస్కూల్లో లెక్కలు చెప్తాను. మొక్కల సంగతి నాకు పెద్దగా తెలియదు. ఏవి బతుకుతాయో చూసి వాటినే పెంచుకుందామని ఊరుకున్నాను. అలా మిగిలినవి బిళ్ళగన్నేరు, నందివర్ధనం, నాచుపూలు.

ఆ సమయంలోనే మా నాన్న మా ఇంటికొచ్చాడు. మా పల్లె గురజాల దగ్గర. జీవితమంతా మిరప, పత్తి వేసిన మనిషి. మోకాళ్ళు పట్టేసి చేలో వంగలేని పరిస్థితి వచ్చాక పొలం కౌలుకిచ్చి నా దగ్గరికి వచ్చేశాడు. అమ్మ పోయి చానా కాలమైంది. మావారు మాచర్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం, ఆదివారాలు వస్తారు. మిగతా రోజుల్లో ఇంట్లో నేనూ నాన్నే.

వచ్చిన కొత్తలో ఆయన నా కుండీల చుట్టూ కర్ర ఊనుకుంటూ ఒకసారి తిరిగి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"ఇయ్యి ఏం కాస్తయ్యి అమ్మాయ్?"

"ఏం కాయవు నాన్నా. పూస్తాయి."

"పూసి?"

"చూసుకోటానికి."

ఆయన ముఖంలో వెక్కిరింపు లేదు. నిజంగానే అర్థం కాలేదంతే. ఆయన ఎరిగిన మొక్కకి ఒక విత్తే రోజు, ఒక కోసే రోజు ఉంటాయి. ఆ రెంటి మధ్యా పురుగు, తెగులు, కలుపు.

ఆ యేడు తొలకరి పడ్డాక కడియం నుంచి మొక్కల బండి మా వీధికొచ్చింది. మైకులో మామిడి, జామ, మల్లె అని అరుచుకుంటూ వచ్చి మా గేటు ముందే ఆగింది. నేను రాళ్ళ వేడికి తట్టుకునేది ఏదైనా ఉందా అని అడుగుతుంటే, నాన్న లేచొచ్చి ఓ మూలనున్న నల్ల కవరు వైపు కర్ర చూపించాడు. జానెడు మొక్క. సన్నటి కాండం, లేతాకుపచ్చ ఆకులు. చూడటానికి ఏ ప్రత్యేకతా లేదు.

"ఇదేంది?"

"శ్రీగంధం అండీ."

నాన్న ఒక ఆకు తుంచి నలిపి వాసన చూశాడు. "వాసనేం లేదే."

"ఆకుకి ఉండదండీ. కాండం లోపల చేవ కట్టాలి. దానికి చానా ఏళ్ళు పడుద్ది."

"ఎన్నేళ్ళైనా పట్టనీ. ఇదివ్వు," అన్నాడు నాన్న.

నేను ఆశ్చర్యపోయాను. బండి వెళ్ళాక అదెందుకు తీసుకున్నావని అడిగాను. ఆయన కవరు ఒళ్ళో పెట్టుకుని దాని వంకే చూస్తూ చెప్పాడు. "మిరప ఆర్నెల్లు. పత్తి ఆర్నెల్లు. ఇంత తొందర లేని మొక్కని నేను ఎప్పుడూ పెట్టలా."

పక్కింటి అక్క గోడ మీదుగా చూసి నవ్వింది. వాళ్ళాయనకి బస్టాండు దగ్గర మోటారు సైకిళ్ళ షెడ్డు ఉంది. వాళ్ళ దొడ్లో గోడకి దగ్గరగా ఒక దానిమ్మ చెట్టు. అది ఆమె అత్తగారు పెట్టింది. రంజాన్ నెలలో ఆ కాయలు మా ఇంటికి కూడా వచ్చేవి.

"గంధమా బాబాయ్? దొంగలు పడతారు మీ ఇంట్లో," అంది.

"అది దొంగల కళ్ళల్లో పడే నాటికి నేనుంటే గదమ్మా," అన్నాడు నాన్న.

పెద్ద మట్టి కుండీలో దాన్ని నాటి, నందివర్ధనం నీడలో పెట్టాం. కవరులో ఆ మొక్కని ఆనుకుని ఒక పొన్నగంటి తీగ కూడా ఉంది. అదీ మట్టితో పాటే కుండీలోకి వచ్చింది. వానలకి అది కుండీ అంతా అల్లుకుపోయింది. ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి తీగ లేదు. నాన్న దాన్ని వేళ్ళతో సహా పీకి, మట్టి గుల్ల చేసి, అరచేత్తో చదును చేసి పెట్టాడు. మొక్క మొదట్లో కలుపు కనిపిస్తే ఆయన చెయ్యి ఆగదు. కుండీ ఇప్పుడు మిరప మడిలాగా శుభ్రంగా ఉంది. నాకూ బాగానే అనిపించింది.

దసరా నాటికి గంధం ఆకులు పాలిపోయాయి. కొసలు ఎండాయి. చిగురు రావడం ఆగిపోయింది. నాన్న చేతనైనవన్నీ చేశాడు. పేడ మట్టి వేశాడు. వేపపిండి కలిపాడు. నీళ్ళు ఎక్కువైనాయేమోనని తగ్గించాడు, తగ్గాయేమోనని పెంచాడు. పొద్దున్నే లేచి కాఫీ కంటే ముందు దాని దగ్గరికే పోయేవాడు. "తెగులు గాదు. పురుగు గాదు. మరేంది దీనికి?" అని నన్ను అడిగేవాడు. పంట పోయినప్పుడు కూడా ఆయన ముఖం అట్లా చూడలేదు నేను. పంట ఎందుకు పోయిందో ఆయనకి తెలిసేది.

మా బడిలో జీవశాస్త్రం చెప్పే మేడంకి ఫోన్లో ఫోటో చూపించాను. "పక్కన ఇంకో మొక్క ఏదన్నా ఉండేదా?" అని అడిగిందామె. పొన్నగంటి సంగతి చెప్పాను.

"అయితే అదే. గంధం వేళ్ళు సగం పనే చేస్తాయి. ఆకులు ఎండలో ఆహారం వండుకుంటాయి గానీ, నీళ్ళూ, మట్టిలోని సారం చాలావరకు పక్క మొక్క వేళ్ళని పట్టుకుని తీసుకుంటుంది. అందుకే నర్సరీ వాళ్ళు కవరులోనే తోడు పెడతారు."

ఆ మాట ఇంటికొచ్చి నాన్నకి చెప్పాను. ఆయన నమ్మలేదు.

"మొక్క మొక్కని తాగుద్దా?"

"అట్లానే చెప్పారు నాన్నా."

"నేను పీకింది కలుపు గాదన్నమాట," అన్నాడు. మర్నాడు మా పల్లెకి ఫోన్ చేసి, పేటకి వచ్చే వాళ్ళెవరితోనైనా గుప్పెడు కందులు పంపమని కౌలు రైతుకి చెప్పాడు. కంది అయితే వేరు లోతుకి పోతుందని ఆయన లెక్క. కందులు వచ్చిన పూటే కుండీలో రెండు గుంటలు చేసి విత్తాడు.

కంది మొలిచింది. గంధం మాత్రం అట్లాగే పుల్లలాగా నిలబడి ఉంది. సంక్రాంతి పోయింది. దాన్ని తీసేద్దామా అని అడగబోయి ఆగిపోయాను. అప్పుడు ఒక పొద్దున నాన్న వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి, "అమ్మాయ్, ఒకసారి రా," అన్నాడు. గొంతు చానా మెల్లగా ఉంది. వెళ్ళి చూస్తే ఎండిందనుకున్న కొమ్మ కణుపు దగ్గర బియ్యపు గింజంత చిగురు. ఎర్రగా, మెరుస్తూ. మేమిద్దరం అక్కడే నిలబడిపోయాం. పొయ్యి మీద పాలు పొంగి పోయాయి.

ఎండాకాలం మొదట్లో ఆ కుండీ పగుళ్ళిచ్చింది. ఇక నేలలోకి మార్చక తప్పదని పక్కింటి వైపు గోడ దగ్గర రెండు నాపరాళ్ళు లేపించాం. కుండీని పడుకోబెట్టగానే పెంకులు విడిపోయి మట్టి ముద్ద చేతికొచ్చింది. ఒక పక్క మట్టి రాలి వేళ్ళు బయటపడ్డాయి. నాన్న బొచ్చెలో నీళ్ళు తెప్పించుకుని ఆ పక్కని మెల్లగా కడిగాడు.

ఆ దృశ్యం ఇప్పటికీ నా కళ్ళల్లో ఉంది. గంధం వేరు సన్నగా వచ్చి కంది వేరుని తాకిన చోట ఒక చిన్న బుడిపె. శనగ బద్దని బోర్లించి అతికించినట్టుంది. దాని పక్కనే ఇంకొకటి, కొంచెం దూరంలో ఆవగింజంతది, ఆ వెనక మరొకటి. లేత పసుపు రంగులో, పసిబిడ్డ నోరు పెట్టినట్టు కంది వేరుని పట్టుకుని ఉన్నాయి. నాన్న గోటితో ఒకదాన్ని తాకాడు. ఊడి రాలేదు. వెంటనే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇన్నాళ్ళూ పైన ఆకే చూశాను నేను," అన్నాడు. "కింద ఇంత జరుగుతుంటే."

ఆయన కళ్ళల్లో నీళ్ళు లేవు గానీ, నోరు కొంచెం తెరుచుకుని ఉంది. గుడిలో హారతి అప్పుడు ఆయన ముఖం అట్లా ఉండటం చూశాను చిన్నప్పుడు. విడదీయకుండా రెండు మొక్కల్నీ కలిపే నేలలో పెట్టాం.

నేలలోకి వచ్చాక గంధం నిలదొక్కుకుంది. మరుసటి యేడు కంది కాసి, దాని ఆయుష్షు తీరి ఎండిపోయింది. నాన్న దాన్ని కొట్టేసి, మళ్ళీ కందులు తెప్పించాలన్నాడు. ఈలోగా ఆయనకి జ్వరం వచ్చింది, నాకు పరీక్షల పని వచ్చింది, కందుల సంగతి వెనకబడింది. ఆకులు ఎప్పుడు పాలిపోతాయోనని భయంగానే చూశాం. పాలిపోలేదు. పైగా అంతకుముందు కంటే వేగంగా ఎదిగింది. నా భుజం దాటింది, తల దాటింది. మొదటిసారి పూసింది కూడా. పూలు మిరియాల కంటే కొంచెం పెద్దవి. విచ్చుకున్నప్పుడు మీగడ రంగులో ఉంటాయి, రెండ్రోజుల్లో ముదురు ఎరుపుకి తిరుగుతాయి. ఒకే గుత్తిలో రెండు రంగులూ కనిపిస్తుంటే, రెండు వేరు వేరు చెట్ల పూలు తెచ్చి కట్టినట్టుండేది.

"తోడు లేకుండా ఎట్టా బతుకుతంది ఇది?" అని నాన్న రోజూ అడిగేవాడు. జీవశాస్త్రం మేడం కూడా ఏమో అంది.

ఆ సంగతి నిరుడు తెలిసింది. పక్కింటి వాళ్ళు బాత్రూము నీళ్ళు పోవడానికి గొట్టం వేయిస్తూ గోడ వెంబడి కాలువ తవ్వించారు. సెలవు రోజు. మధ్యాహ్నం అన్నాలు తింటుండగా అక్క గోడ అవతల నుంచి పిలిచింది.

"టీచరమ్మా, మీ చెట్టు మా ఇంట్లోకొచ్చింది. బాబాయిని తీసుకుని రండి."

చెయ్యి కడుక్కుని నాన్నని పట్టుకుని వెళ్ళాను. మోకాలి లోతు కాలువ. గోడ పునాది కింద నుంచి కొన్ని వేళ్ళు ఇవతలికి వచ్చి ఉన్నాయి, గోధుమ రంగువి. అవి నేరుగా దానిమ్మ వైపు సాగి, దాని వేళ్ళ మీద పాకి, అదే బుడిపెలతో అంటుకుని ఉన్నాయి. ఈసారివి పెద్దవి, బఠాణీ గింజంతవి కూడా ఉన్నాయి. కాలువ పొడవునా ఎక్కడ చూస్తే అక్కడ. మా మొక్క ఆ గోడ కిందుగా ఎప్పుడు వెళ్ళిందో, దానిమ్మ అక్కడుందని దానికెట్లా తెలిసిందో.

అక్క భర్త కాలువలోకి దిగి, ఫోన్ లైటు వేసి దగ్గరగా చూశాడు. రోజూ ఇనుముతో పనిచేసే మనిషి. వేలితో ఆ అతుకు చుట్టూ తడిమి, "వెల్డింగ్ పెట్టినట్టుంది బాబాయ్. కానీ అతుకు గీత లేదు," అన్నాడు.

నాన్న గట్టు మీద కర్ర ఆనించుకుని నిలబడ్డాడు. ఆయనకి ఆశ్చర్యం కంటే ముందు సిగ్గు వచ్చిందనుకుంటాను.

"ఇన్నాళ్ళూ మీ చెట్టు నీళ్ళు తాగి బతికిందమ్మా ఇది. మేం చెప్పనన్నా చెప్పలా, మాకూ తెలవదు. మీ చెట్టుకి నష్టం. ఆ వేళ్ళు కొట్టేయమను," అన్నాడు.

అక్క దానిమ్మ కొమ్మల వైపు చూసింది. కాయలు వంగి ఉన్నాయి, ఎప్పటిలాగే.

"దానికి లేని బాధ మనకేంది బాబాయ్?" అంది. "తాగనీ. మా అత్త ఉన్నప్పుడు గేటు ముందుకొచ్చిన ఎవరినీ దప్పికతో పంపలేదు. ఆమె పెట్టిన చెట్టే గదా."

తర్వాత ఆమె లోపలికెళ్ళి గోనెసంచి తడిపి తెచ్చి, ఎండ తగలకుండా ఆ వేళ్ళ మీద కప్పింది. కూలీలు గొట్టం ఎట్లా వెయ్యాలని అడిగితే, వేళ్ళు ఉన్నంత మేరా వాటిని వదిలేసి చుట్టూ తిప్పమని వాళ్ళాయన చెప్పాడు. వంపులెక్కువైతే నీళ్ళు మెల్లగా పోతాయని వాళ్ళు గొణిగారు. "మెల్లగానే పోనీయండి," అన్నాడాయన. సాయంత్రానికి కాలువ పూడ్చేశారు. పైన చూస్తే మళ్ళీ మామూలు మట్టి. గోడకి ఇటు ఒక చెట్టు, అటు ఒక చెట్టు, ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేనట్టు నిలబడి ఉన్నాయి.

ఆ రోజు ఇంటికొచ్చాక నాన్న, "మన చేలో కూడా ఇట్టాంటివి ఎన్ని జరిగినయ్యో అమ్మాయ్," అన్నాడు. బడికి వెళ్ళే దారిలో రోడ్డు పక్క వేపల్ని, తుమ్మల్ని చూస్తే నాకిప్పుడు వాటి కింద నేల ఖాళీగా అనిపించదు. కాలు కొంచెం నెమ్మదిగా వేస్తాను.

మర్నాటి నుంచి నాన్నకి ఒక కొత్త అలవాటు పట్టుకుంది. సాయంత్రం పంపు వేయగానే పైపు పట్టుకుని గోడ దగ్గర కుర్చీ వేయించుకుంటాడు. పైపుని గోడ మీదుగా అవతలికి వేసి ముందు దానిమ్మకి పెడతాడు. అది తడిశాకే మా మొక్కల వంతు.

"బాబాయ్, ఇక చాలు. దొడ్డంతా బురదైంది," అంటుంది అక్క అవతల నుంచి.

"ఇంకొంచెం తాగనీ అమ్మా," అంటాడు నాన్న.