పేరు పెట్టకముందే లెక్కకెక్కిన పిల్ల

మొన్న ఆదివారం మా మనవరాలు బడి పుస్తకాలన్నీ మా వంటింటి బల్ల మీద పరిచి, ఏదైనా ఒక చిన్న విదేశీ పట్టణం చరిత్ర, భూగోళం, జనాభా రాసుకు రమ్మన్నారని చెప్పింది. తోటిపిల్లలంతా ఇటలీలోనో గ్రీసులోనో సముద్రపు ఒడ్డు ఊళ్ళు ఏరుకున్నారట. ఇది మాత్రం వాళ్ళమ్మ పుట్టిన ఊరే రాస్తానని పట్టుబట్టి కూర్చుంది. మేం జర్మనీలోని డ్రెస్డెన్ వచ్చి, కంప్యూటర్ చిప్పుల పరిశోధనాలయంలో పనిచేసి, నేను రిటైరై కూడా చాలాకాలమైంది గాని, అంతకు ముందు నా ఉద్యోగపు తొలి మూడేళ్ళు గడిచింది ఆ ఊళ్ళోనే. పేరు చెప్పినా మీలో ఎవరూ విని ఉండరు కనక చెప్పను. అమెరికా నడిమధ్యన, ఒక పెద్ద నది వంపు తిరిగేచోట, కొండవాలుకి ఆనుకుని కూర్చున్న ఊరనుకోండి, చాలు.

ఎర్ర ఇటుక ఇళ్ళు, ఒకే ఒక పెద్ద వీధి, ఆ వీధి చివర నేను పనిచేసిన పంపుల ఫ్యాక్టరీ, ఆ వెనక కనుచూపు మేరా మొక్కజొన్న చేలు. మన రైల్వే స్టేషన్ల బోర్డు మీద సముద్రమట్టానికి ఎంత ఎత్తో రాసినట్టు, అక్కడ ఊరి పొలిమేరలో ఆకుపచ్చ బోర్డు మీద ఊరిపేరు కింద జనాభా ఎంతో రాసి ఉండేది. కొత్తలో దాన్ని చూసి నవ్వుకున్నాను. ఊరంతా కలిపితే మా కాలేజీ హాస్టళ్ళలో పిల్లలంత లేరు, దానికి మళ్ళీ బోర్డొకటా అని. ఆ అంకె అంటే వాళ్ళకెంత పట్టింపో అప్పటికి నాకు తెలియదు.

మేం వెళ్ళిన రెండో ఏడు వాళ్ళ పదేళ్ళకోసారి జనగణన వచ్చింది. మార్చిలో పోస్టులో కాగితం పడింది. ఏప్రిల్ ఒకటో తేదీకి ఈ ఇంట్లో ఎవరెవరున్నారో పేర్లతో రాసి పంపమన్నారు. అంతకు కొద్దిరోజుల ముందే మా అమ్మాయి పుట్టింది. ఇరవై ఒకటో రోజున బారసాల చేద్దామంటే ఆ చుట్టుపక్కల పురోహితుడన్నవాడు లేడు. మూడో నెలలో పెద్ద నగరంలోని గుడికి తీసుకెళ్ళి పేరు పెట్టుకొమ్మని మా నాన్నగారు ఉత్తరం రాశారు. ఆయన మాట దాటి ఎరగని వాణ్ణి కనక ఆసుపత్రి కాగితాల్లో కూడా ఉత్త 'ఆడపిల్ల' అనే రాయించాను. ఇక ఈ కాగితంలో పేరు దగ్గర ఏం రాయను? పేరు పెట్టాక నింపుదాంలే అని బియ్యం డబ్బా వెనక దోపి, నిశ్చింతగా మరిచిపోయాను.

తీరా గడువు దాటిపోయాక గుర్తొచ్చింది. అప్పట్నుంచి పట్టుకుంది భయం. వీసా మీద బతికేవాళ్ళం, సర్కారు కాగితం దాచేశామని తెలిస్తే సామాను సర్దుకొమ్మంటారేమో, పసిపిల్లని వేసుకుని ఎక్కడికి పోతామని నాకు ఒకటే బెంగ. మే నెలలో ఒక సాయంత్రం, మెళ్ళో కార్డు, భుజాన సంచీతో ఒక పెద్దావిడ వచ్చి తలుపు తట్టింది. ఊరి గ్రంథాలయంలో పనిచేసి రిటైరైన మనిషి, ఆ వేసవికి జనాభా లెక్కల్లో చేరింది. నేను దీపం ఆర్పేసి, మా ఆవిడని మాట్లాడవద్దని సైగ చేశాను. వచ్చినావిడ తలుపుకి చీటీ పెట్టి వెళ్ళిపోయింది. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చింది, మళ్ళీ ఊపిరి బిగబట్టాం. మూడోసారి వచ్చినప్పుడు మా ఘనకార్యం మా అమ్మాయికి నచ్చలేదు కాబోలు, ఊరంతా వినబడేలా గుక్కపట్టి ఏడ్చింది. మా ఆవిడకి ఒళ్ళు మండింది. “మనింట్లో మనమే దొంగల్లా నక్కడమేమిటండీ” అని నాకేసి చూడకుండానే వెళ్ళి తలుపు తీసేసింది.

ఆ పెద్దావిడ కోప్పడలేదు. మెట్టు మీద చతికిలబడి, మంచినీళ్ళు అడిగి తాగి, నేను తడబడుతూ చెప్పిన పేరు సంగతంతా ఓపిగ్గా విన్నది. తర్వాత పాపని ఒళ్ళోకి తీసుకుని, “పేరు మీ తీరికని బట్టి పెట్టుకోండి. ఉన్న మనిషిని లేదని నేను రాయలేను” అని, నా ఎదుటే మా ఇద్దరి పేర్ల కింద 'ఆడపిల్ల' అని రాసుకుంది. మేం ఈ దేశస్థులం కాదు కదా అన్నాను. ఏప్రిల్ ఒకటిన నువ్వు ఇక్కడే ఉన్నావా, ఉన్నావు కదా, అయితే ఈ ఊరివాడివే అని తేల్చేసింది. తన ముత్తాతలు జర్మనీలోని సాక్సనీ నుంచి పడవల్లో వచ్చి ఈ వంపులో దిగిన సంగతీ, చర్చిలో చాలా ఏళ్ళు జర్మన్‌లోనే ప్రార్థనలు జరిగిన సంగతీ, కుర్రకారు వెళ్ళిపోతుంటే పదేళ్ళకోసారి బోర్డు మీద అంకె చిక్కిపోతూ వచ్చిన సంగతీ ఆ మెట్టు మీదే చెప్పింది. ఈసారి తగ్గనివ్వనంటూ మోకాళ్ళ నొప్పులతోనే ఇంటింటి మెట్లెక్కుతోంది ఆ మహాతల్లి. అలాంటి మనిషిని నేను మూడుసార్లు మా మెట్లెక్కించాను.

మరుసటి ఏడు కొత్త బోర్డు పెట్టినప్పుడు, మమ్మల్ని తన కారులో ఎక్కించుకుని పొలిమేరకి తీసుకెళ్ళింది. అంకె పెరిగింది. పిసరంతే, కాని పెరిగింది. అప్పటికి పేరూ నడకా వచ్చేసిన మా అమ్మాయిని ఎత్తుకుని, ఆ బోర్డు మీది చివరి అంకెని వేలితో తట్టి, ఇదిగో నువ్వు అన్నది.

ఆ ఊరివాళ్ళ సమాధుల మీద చదివిన ఇంటిపేర్లే ఇప్పుడు అదే సాక్సనీలో, ఇక్కడ డ్రెస్డెన్‌లో కాలింగ్ బెల్లుల పక్కన చదువుతుంటాను. ఇక్కడ దిగిన రెండు వారాల్లోనే అన్మెల్డుంగ్, అంటే ఫలానా ఇంట్లో ఉంటున్నామని ఊరి రిజిస్టర్లో నమోదు, చేయించుకోవాలి కనక పరుగున వెళ్ళి చేయించుకున్నాం. మా పేర్లు అక్షరం పొల్లు పోకుండా రిజిస్టర్లో ఉన్నాయి. ఒక్క నిమిషం దాక్కునే పని పడలేదు. అమెరికాలోనూ ఈమధ్య చాలామంది ఆ లెక్కలు ఇంటర్నెట్లోనే నింపేస్తున్నారని విన్నాను. మంచిదే. ఆ పెద్దావిడ పోయి చాలా ఏళ్ళయింది.

మనవరాలు ఆ ఊరి జనాభా పట్టిక కంప్యూటర్లో తెరిచి, వాళ్ళమ్మ పుట్టిన ఏటి వరస మీద వేలు పెట్టి, జర్మన్ మాని తెలుగులో అడిగింది: “తాతయ్యా, ఇందులో మీరున్నారా?” ముగ్గురమూ ఉన్నామన్నాను. సంతోషంగా రాసుకుంది. ఆ తర్వాత వేలు కింది వరసకి జారింది. అక్కడ అంకె తగ్గింది. ఎందుకు తగ్గిందని అడిగింది. మేం వచ్చేశాం కదమ్మా అన్నాను.