నట్టమ్మకు గొంతిచ్చిన ఒబ్దూలియా

ఒబ్దూలియా తెర్రాసాస్ గెలిచిన పోట్లాటలు చాలా ఉన్నాయి. నేను కళ్ళారా చూసిన మొదటిది మొక్కజొన్న పిండిని ఆకుల్లో చుట్టి ఉడికించి అమ్మే నా తమాలెల బండి ముందే జరిగింది. పోర్తాలెస్ పేటలో డబ్బింగు స్టూడియో గేటుకి ఎదురుగా ముప్పై తొమ్మిదేళ్ళుగా ఆ బండి ఉంది. ఆ గేటులోంచి వచ్చే గొంతులు దేశమంతటికీ తెలుసు. మొహాలు మాత్రం నాకొక్కదానికే తెలుసు.

ఆ పొద్దున డైరెక్టరు దోన్ ఎవెరార్దో నోట్లో వేడి తమాలె ఉంది. ఒబ్దూలియా వచ్చి ఆయనకి అడ్డంగా నిలబడింది.

"నా మాటలు కోసేశారట."

"నీ మాటలు కావు కనకే కోశాను. కాగితంలో లేనివి నీ ఇష్టం వచ్చినట్టు కలిపావు."

"కాగితంలో ఏముంది? పీప్ అని ఉంది. పిల్ల మంటల్లోకి పరిగెడుతుంటే సాకే యంత్రం పీప్ అంటుందా? మీ అమ్మ మిమ్మల్ని అలాగే పెంచిందా, దోన్ ఎవెరార్దో?"

లైన్లో ఉన్నవాళ్ళు నవ్వు దాచుకోవడానికి జావ గ్లాసులు ఎత్తుకున్నారు.

"అది పరాయి దేశం వాళ్ళ సినిమా" అన్నాడాయన. "వాళ్ళు రాసిందే మనం చెప్పాలి. పెదవులకి అతకాలి."

"పెదవులేవి? ఆ యంత్రం మొహాన ఉన్నది ఇనప జల్లెడ. దాని వెనకాల నేను రోజంతా మాట్లాడినా కదిలేదేమీ లేదు."

ఆయన నమలడం ఆపాడు. ఈ సంగతి అప్పటిదాకా ఆయనకి తట్టలేదని మొహమే చెప్పింది.

"సరే, రెండు ఉంచుతాను."

"పదకొండు కలిపాను. పదకొండూ ఉంటాయి. ఒక్కటి తీసినా రేపట్నుంచి మైకు ముందు నిలబడి మీరే పీప్ అనుకోండి."

ఆయన చెయ్యి తుడుచుకుని, నావైపు తిరిగి, "ఈవిడకి జావలో ఏం కలిపి పోస్తున్నావమ్మా" అన్నాడు. పదకొండూ ఉన్నాయి. వాటిలో నాలుగు నావి. లైను తోసుకొచ్చేవాళ్ళనీ, లైన్లో కదలనివాళ్ళనీ నేను తిట్టే తిట్లు పక్కన నిలబడి విని పట్టుకుపోయింది. నేను అడ్డు చెప్పలేదు, ఇష్టంగానే ఇచ్చాను.

ఆ సినిమా కథ చిన్నదే. ఎక్కడో దూరపు గ్రహం మీద గని కూలిపోయి పెద్దవాళ్ళంతా పోతారు. నలభై మంది పిల్లలూ, తుక్కులో పడేసిన ఒక యంత్రమూ మిగులుతారు. ఆ యంత్రం పిల్లల్ని సాకుతుంది, చివరికి వాళ్ళని ఓడ ఎక్కించి తాను కొలిమిలో పడి కరిగిపోతుంది. వాళ్ళ దేశంలో దానికి ఒక నంబరు తప్ప పేరు లేదు. ఒబ్దూలియా గొంతు విన్నాక మా పిల్లలు, ఒంటినిండా నట్లున్న ఆ యంత్రాన్ని నట్టమ్మ అన్నారు, ఆ పేరే నిలిచింది. హాల్లోంచి బయటికొచ్చిన పిల్లల ఏడుపు ఓదార్చలేక తల్లులు నానా తిప్పలు పడ్డారు. అది చూసో ఏమో, తరవాత కార్టూన్ తీసినవాళ్ళు నట్టమ్మని చంపలేదు. అరవై ఐదు భాగాలూ బతికే ఉంది. సాయంత్రం నాలుగింటికి అది మొదలైతే మా వీధిలో బంతి కొట్టే పిల్లవాడు కనబడేవాడు కాదు. బడికి దింపడానికి నేను ఆలస్యం చేస్తే మా చిన్నది, "ఏం, కాళ్ళకి వేర్లు మొలిచాయా" అని నన్నే ఎదురు అడిగేది. నా మాట దేశమంతా తిరిగి నా ఇంటికే వచ్చిందన్నమాట. ఆ చిన్నదానికి జ్ఞానస్నానం నాడు ఎత్తుకున్నది ఒబ్దూలియాయే. ఆనాటి నుంచి మేమిద్దరం ఒకరికొకరం కొమాద్రెలం, అంటే ఒకే బిడ్డకి ఇద్దరు తల్లులం. అక్కచెల్లెళ్ళు ఈ వరసకి సరిపోరు.

ఆమెది త్లాష్కాలా వైపు పల్లె. పదిహేనో ఏట ఈ మహానగరానికి ఒక రేడియో గాయని ఇంట్లో గిన్నెలు తోమడానికి వచ్చింది. ఒకనాడు ఆ ఇంటికొచ్చిన నాటకాలాయన, పసిపిల్ల ఏడుపు దొరకడం లేదని మొత్తుకుంటుంటే, వంటింట్లోంచి పసిపిల్ల ఏడ్చింది. ఆయన లేచి వెళ్ళి చూస్తే చేతులకి సబ్బు నురగతో ఒబ్దూలియా. ఆ తరవాత ఐదేళ్ళు ఆమె రేడియోలో ఏడ్చింది. ఏడ్చి సంపాదించుకున్నవాళ్ళు లోకంలో చాలామందే ఉంటారు గానీ ఇంత గౌరవంగా సంపాదించినవాళ్ళు తక్కువ. అప్పట్లో రికార్డింగు లేదు, అంతా అప్పటికప్పుడే ప్రసారమయ్యేది. సబ్బు ప్రకటన ఫలానా సెకనుకి రావాలంటే, ఏడుపు అంతకు ముందే తెగాలి. అందుకని చెప్పులో కుడి బొటనవేలు ఆడిస్తూ కాలం కొలవడం నేర్చుకుంది. ఆ నేర్పుతోనే తరవాత డబ్బింగుకి వచ్చింది. మొగుడొకడుండేవాడు. మూడేళ్ళుండి పోయాడు. వాడి గురించి అంతకన్నా మాట ఖర్చు చెయ్యను.

అరవై ఆరో ఏట ఒబ్దూలియాకి రెండు కళ్ళలోనూ నడిమధ్య మచ్చ పడింది. మనిషిని చూస్తే చెవులు కనబడతాయి, ముక్కు కనబడదు. అక్షరాలు అసలే కనబడవు. రెండేళ్ళపాటు ఎవరికీ చెప్పకుండా, పక్కింటి పంతులమ్మ చేత ముందురోజే చదివించుకుని, బట్టీపట్టి వెళ్ళేది. ఒకనాడు కాగితం మార్చారు. కొత్త మాటలు ఉండాల్సిన చోట ఆమె పాత మాటలు చెప్పింది. కాఫీ ఇచ్చి పంపేశారు. ఆ తరవాత పిలుపు రాలేదు. ఏడేళ్ళు రాలేదు.

పోయిన ఏడు నా బండి దగ్గర స్టూడియో మనుషులు ఇద్దరు మాట్లాడుకుంటుంటే విన్నాను. నట్టమ్మ కథతో వీడియో ఆట వస్తోందట, సినిమానీ కార్టూన్‌నీ కలిపి. మన భాషలోకి ఇక్కడే మారుస్తారట. నట్టమ్మకి గొంతు టీవీ ధారావాహికల్లో చేసే ఫియొరేలా అట. ఆ రోజు బానలో సగం మిగిలుండగానే బండి కట్టేసి ఒబ్దూలియా ఇంటికి వెళ్ళాను.

అంతా విని, "నేను చచ్చాననుకున్నారా?" అంది.

"గడప దాటకుండా కూర్చుంటే ఏమనుకుంటారు మరి?"

"ఆ పిల్ల గొంతు ఎలా ఉంటుంది?"

"పాలకోవాలా ఉంటుంది."

"నట్టమ్మది పాలకోవా గొంతా? మొన్న పుట్టిన పిల్లలు నట్టమ్మ అంటే ఇదే అనుకుంటారే, కొమాద్రె. నా గొంతుతో పెరిగినవాళ్ళు కూడా నాలుగు రోజులకి మరిచిపోతారు." లేచి నిలబడి, "నా ఆకుపచ్చ గౌను ఎక్కడుందో చూడు" అంది.

మర్నాడు చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాను. రెండో చేతిలో తమాలెల బుట్ట ఉంది కనక నన్నెవరూ ఆపలేదు. లోపల గందరగోళంగా ఉంది. డైరెక్టరు యునువేన్ అనే పిల్ల, ముప్పై నాలుగేళ్ళుంటాయి, తల పట్టుకుని కూర్చుంది. సినిమాకైతే బొమ్మ ఎదురుగా నడుస్తుంది, పెదవి చూసుకుంటూ పలుకుతారు. ఆటకి బొమ్మ ఉండదు. ఒక పెద్ద చిట్టా ఉంటుంది, నాలుగు వేల మాటలు, ముందువి వెనకా వెనకవి ముందూ. ప్రతిదానికీ ఇన్ని సెకన్లని కొలత ఉంటుంది, దాటితే పక్కమాటని తొక్కేస్తుంది. పైగా దెబ్బ తగిలినప్పుడు, పడినప్పుడు, ఎక్కినప్పుడు, ఆయాసపడినప్పుడు చేసే చప్పుళ్ళు రెండొందల రకాలు. ఫియొరేలా మంచి పిల్లే, అబద్ధం ఎందుకు. కానీ అలవాటుగా బొమ్మ కోసం మాటిమాటికీ తలెత్తి మైకు గది ఖాళీ అద్దం వైపు చూస్తూ, కొలత తప్పిపోయింది. రెండో రోజుకి గొంతు పూడుకుపోయింది. పదిహేను రోజులు మాట్లాడొద్దని డాక్టరు చెప్పాడు. ఆట తాలూకు పెద్దమనిషి తన దేశంలో కూర్చుని తెర మీంచి, ఎప్పటికవుతుందని గంటకోసారి అడుగుతున్నాడు.

ఒబ్దూలియా తలుపు దగ్గరే, "నట్టమ్మ వచ్చింది" అంది.

యునువేన్ గబుక్కున లేచి నిలబడింది. మనిషిని గుర్తుపట్టి కాదు, ఆ గొంతు విని. లేచాక సర్దుకుని మెల్లగా, మర్యాదగా అంది, "దోన్యా ఒబ్దూలియా, మీరు చిట్టా చదవలేరు కదా."

"చదువుకున్నదానివి, నువ్వు చదువు. నేను వింటాను."

"నాలుగు వేలండీ."

"నాకు ఇంట్లో పెళ్ళిళ్ళేమీ లేవు."

మైకు గదిలో ఆమె చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించారు. నేను అద్దానికి ఇవతల కూర్చున్నాను. యునువేన్ మాట చదివి, "రెండున్నర సెకన్లు" అంది. ఒబ్దూలియా చెప్పు లోపల బొటనవేలు కదలడం నేను చూశాను. పలికింది. సౌండు చూసే ఎలియూద్ తన తెర మీద అసలు మాట గీత పక్కన ఆమె మాట గీత పెట్టి చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. తరవాత ఇంకొకటి, ఆ తరవాత ఇంకొకటి. ఖాళీ అద్దం వైపు ఆమె ఒక్కసారీ చూడలేదు. తొమ్మిదేళ్ళుగా ఆమె ముందున్నది ఖాళీయే. ఎనిమిదో మాటకి తనే ఆపింది.

"మళ్ళీ. మాట చివర తోక వదిలేశాను."

"నాకు బాగానే ఉంది" అన్నాడు ఎలియూద్.

"నీకుంటుంది. మళ్ళీ."

తరవాత యునువేన్ చదివింది: "పడడం, చిన్నది."

"ఎంత ఎత్తు నుంచి?"

"చిట్టాలో లేదండీ."

"అయితే కనుక్కో. అరుగు మీంచి పడితే ఒకలా ఉంటుంది, మేడ మీంచి పడితే ఒకలా ఉంటుంది. ఇనుము ఊరికే పడదు."

తెర మీది పెద్దమనిషిని అడిగారు. ఆయన తడుముకుని, మనిషి ఎత్తు అన్నాడు. ఒబ్దూలియా పడింది. నిలబడ్డచోటు నుంచి కదలకుండానే పడింది. నేను బుట్ట వదిలేసి లేచాను.

గీతలన్నీ సరిపోతున్నాయని విన్నాక కూడా ఆ పెద్దమనిషి తల అడ్డంగా ఊపాడు. పోస్టరు మీదికి జనానికి తెలిసిన మొహం కావాలట. యునువేన్ సిగ్గుపడుతూ ఆ మాట మన భాషలో చెప్పింది.

"పోస్టరు మీద ఎవరి మొహమైనా వేసుకోమను" అంది ఒబ్దూలియా. "ఆడేవాడు పోస్టరు వింటాడా? సరే గానీ అమ్మాయి, ఆడేవాడు ఆడకుండా ఊరికే నిలబడితే నట్టమ్మ ఏం చేస్తుంది?"

యునువేన్ చిట్టా వెతికింది. "అక్కడ పీప్ అనే ఉంది."

"ఎంతసేపు?"

"మూడు సెకన్లు."

"పెట్టు."

బొటనవేలు మూడుసార్లు కదిలింది. "ఏం నాయనా, కాళ్ళకి వేర్లు మొలిచాయా? కదులు."

ఎలియూద్ గడ్డం నెరుస్తున్న మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. తనకి తెలియకుండానే కుర్చీలోంచి లేచి రెండడుగులు వేశాడు. వెనకాల ఎవరో నవ్వడం మొదలుపెట్టి ముక్కు చీదుకున్నారు. పెద్దమనిషికి మన భాష రాదు. ఆమె ఏమందని మూడుసార్లు అడిగాడు. యునువేన్ కళ్ళు తుడుచుకుంటోంది. ఆయన తెర మీంచి గదిలో ఉన్న మొహాలన్నీ ఒక్కొక్కటే చూశాడు. వ్యాపారం చేసేవాడు, ఆ మాత్రం అర్థం కాదూ. ఈవిడే ఉంటుందన్నాడు.

"నాదొక మాట ఉంది" అంది ఒబ్దూలియా. "సినిమాలో నా పేరు వెయ్యలేదు. కార్టూన్‌లో వెయ్యలేదు. ఇప్పుడు వెయ్యాలి. మొదట్లోనే, పెద్దక్షరాల్లో."

"పెద్దక్షరాలు ఎందుకే, నీకు కనబడి చచ్చాయా" అన్నాను నేను అద్దం ఇవతలనుంచి. నా వైపు మైకు పనిచేస్తోందని నాకేం తెలుసు.

"నీకు కనబడాలనే. నువ్వు కూడబలుక్కుని చదివేసరికి చిన్నవి మాయమైపోతాయి."

పేరు మొదట్లోనే వేస్తామని ఒప్పుకున్నారు. పనికి ఇరవై ఏడు రోజులు పట్టింది. ఫియొరేలా గొంతు బాగయ్యాక తనే వచ్చి, ఆ నలభై మందిలో పెద్దపిల్ల పాత్ర అడిగి తీసుకుంది. ఒబ్దూలియా పక్కనే నిలబడి బొటనవేలి లెక్క నేర్చుకుంది. తన చెప్పుల్లో వేలు ఆడటం లేదని వదులువి కొనుక్కొచ్చింది కూడా.

ఆట బజారులోకి వచ్చిన వారానికి మా వీధి సంగతి చూడాలి. ఒబ్దూలియా రోజూ నా బండి దగ్గర ముక్కాలి పీట మీద కూర్చుంటుందని ఎలా తెలిసిందో, శనివారం పొద్దునే లైను కట్టారు. పిల్లలు కాదు. గడ్డాలవాళ్ళు, బొజ్జలవాళ్ళు, బ్యాంకు ఉద్యోగులు. సంతకాలతో సరిపెట్టుకోరట, తిట్టించుకోవాలట. ఒక పోలీసాయన టోపీ చంకన పెట్టుకుని వంతు కోసం నిలబడ్డాడు.

"నీ పేరేమిటి నాయనా?"

"సాముయేల్, దోన్యా."

"సాముయేల్, చొక్కా బొత్తాం పెట్టుకో. గని అనుకున్నావా, మీ అత్తారిల్లనుకున్నావా?"

ఆయన బొత్తాం పెట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళాడు. పదిన్నరకల్లా నా బాన ఖాళీ. వీధి చివరిదాకా ఉన్న ఆ లైనులో పాలకోవా గొంతు కోసం వచ్చినవాడు ఒక్కడూ లేడు. ఒబ్దూలియా పీట మీద నిటారుగా కూర్చుని, అందరి చెవులూ చూస్తూ, అందర్నీ తిట్టింది.

ఆ సాయంత్రం లైను తరిగాక సంచీలోంచి ఆట పెట్టె తీసింది. ఆడించే యంత్రం యునువేన్ దగ్గర అరువు తెచ్చిందట.

"కొమాద్రె, సినిమాలో నట్టమ్మ చచ్చింది. కార్టూన్‌లో బతికింది. ఈ ఆటకి నా చేత రెండూ చెప్పించారు. ఏది వస్తుందో ఆడేవాళ్ళ చేతిలో ఉందట."

"అయితే?"

"వచ్చినవాళ్ళని అడిగాను. అందరికీ చచ్చిందట. బాగా ఏడిపించావని పొగుడుతున్నారు. నాకా పొగడ్త వద్దు. ఎలా బతుకుతుందో ఇంకా ఎవడికీ దొరకలేదు."

"నాకేం చెప్తున్నావు? డెబ్బై ఒకటో ఏడు నాకు. తమాలెలు చుట్టిన చేతులివి."

"ఆ చేతులే కావాలి. రోజుకి రెండొందలు చుడతావు, ఒక్కటీ ఊడదు." పెట్టె నా ఒళ్ళో పెట్టింది. "నేర్చుకో. దాన్ని బతికించేదాకా ఆడు. చచ్చినప్పుడల్లా నాకు చెప్పకు, మళ్ళీ మొదలుపెట్టు. బతికిన రోజున వచ్చి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వినిపించు."