పోటీకి దిగిన జంట

ఈ రోజు పొద్దున పంజగుట్టలో ఫ్లాట్ చూస్తుంటే, బ్రోకర్ వెనకే ఒక జంట లోపలికి వచ్చింది. "అక్కా, వీళ్లు సాయంత్రమే టోకెన్ ఇస్తమంటుండ్రు. జర జల్దీ చెప్పు" అని బ్రోకర్ నా ప్రాణం తీశాడు. ఆలోచిస్తానంటే, మధ్యాహ్నం అమీర్‌పేటలో ఇంకో ఫ్లాట్‌కు లాక్కెళ్లాడు. అక్కడ "నీళ్లకు ఫికరే లేదు మేడం" అంటూ పక్కింటివాళ్లుగా వచ్చింది ఆ జంటే! ఆవిడ చీర మాత్రం మార్చింది.

"పొద్దున పంజగుట్టలో కొంటామన్నారు కదండీ?" అన్నాను.

బ్రోకర్ పళ్లికిలించాడు. ఆ భర్త మాత్రం నన్ను వదిలేసి బ్రోకర్‌నే అడిగాడు: "అన్నా, కృష్ణానగర్ల మా జూనియర్ ఆర్టిస్టుల షూటింగ్ బండి ఎల్లిపోతది. మేమిగ పోవచ్చా?"

మోసం చేసేవాడు కనీసం ఇంకో జంటనైనా తెచ్చుకోవద్దా? ఇంత పిసినారి చూపించిన ఇంట్లో కుళాయి తిప్పితే నీళ్లు వస్తాయంటే, మీరైతే నమ్ముతారా?